టైర్ల పెంటయ్య ఓర్వలేనితనం

కోరుట్లలో టైర్ల షాపు పెంటయ్యకు తాగుడు లేదు, పేకాట లేదు. ఉన్నదొక్కటే, ఓర్వలేనితనం. ఎదుటివాడికి మేలు జరిగితే ఓర్వలేనివాళ్ళు ఊరికి పదిమంది ఉంటారు. పెంటయ్య కీడు జరిగినా ఓర్వలేడు. పక్కింటి దేవయ్యకు షుగర్ వచ్చిందని తెలిసిననాడు అన్నం ముందు నుంచి లేచిపోయాడు.

"అందరు వాన్నే, ఏం తిన్నవ్, గోలీ ఏసుకున్నవా అని అడుగుతున్నరు. నన్ను ఎవడన్న అడిగిండా?"

"తినకుంటనే లేస్తివి, ఏమని అడగాలె?" అంది భార్య లక్ష్మవ్వ.

కొడిమ్యాలలో చుట్టమొకాయన పోతే చూడబోయి, వచ్చిన జనాన్ని చూసి ఇంటిదాకా మూతి ముడుచుకునే ఉన్నాడు.

"నేను పోతె గింతమంది అస్తరానే?"

"పోయి చూడు," అంది లక్ష్మవ్వ.

అలాంటి పెంటయ్యకు సరిగ్గా ఎదురుగా, రోడ్డుకు అవతల, మజర్ అనే కుర్రాడు ఇంకో టైర్ల షాపు పెట్టాడు. పెట్టేముందు పాపం ఎవరూ చెప్పలేదు. ఇద్దరి మిషన్లూ ఒక్క తీరువే. సిరిసిల్లలో మూతబడ్డ షాపులో కొన్నవి, గాలితో టైర్లు ఊడదీసే పాతవి. అయినా పెంటయ్యకు దిగులే. "నీది గాలి ఇడిస్తె ఉస్సుమని సక్కగంటది. నాది ముసలోడు దగ్గినట్టంటది," అనేవాడు. మజర్ బోర్డు మీద, మజర్ షాపు ముందు పండుకునే కుక్క మీద కూడా ఆయనకు కన్నే. ఆ కన్ను తగలకుండా మజర్ షట్టరుకు నిమ్మకాయలు కడితే, మర్నాడు పెంటయ్య అంతకంటే పెద్దవి కట్టాడు.

మొన్న జూన్‌లో బడులు తెరిచే ముందు ప్రేమ్‌సాగర్ అనే ఆసామి ఆరు బడి వ్యాన్లు తెచ్చి మజర్ ముందు ఆపాడు. తెల్లారితే జగిత్యాలలో ఫిట్‌నెస్ పరీక్ష. సాయంత్రానికల్లా కొత్త టైర్లు ఎక్కాలి.

"చాతకాకుంటె ఇప్పుడే చెప్పు, జగిత్యాలకే తీస్కపోత."

షాపు పెట్టాక మజర్‌కు ఇంత పెద్ద పని ఇదే మొదలు. మొదటి చక్రం ఎక్కించి పెడల్ తొక్కాడు. ప్లేటు తిరిగింది గానీ, చక్రాన్ని పట్టుకోవాల్సిన క్లాంపులు కదల్లేదు. పైపు మార్చాడు. ఫిల్టర్లో చేరిన నీళ్ళు బయటికి వదిలాడు. కంప్రెసర్‌ను ఉర్దూలో బతిమాలాడు, తెలుగులో తిట్టాడు. కరీంనగర్ మెకానిక్ ఫోన్లో రెండు రోజులన్నాడు. ప్రేమ్‌సాగర్ వాచీ చూసుకోవడం మొదలుపెట్టాడు. సరిగ్గా అప్పుడే పెంటయ్య రోడ్డు దాటి వచ్చాడు.

"ఏం కాకా, సంబరమేనా?" అన్నాడు మజర్ ఏడుపు గొంతుతో.

"ఏం సంబరంరా? నీ మిషన్ చెడిపోతె గింతమంది గుమిగూడిండ్రు. నాది చెడిపోయిననాడు కుక్క సుత రాలే."

అంటూనే కూచుని, పంక్చర్లు చూసే సబ్బునీళ్ళు తీసి ప్లేటు కింద గాలి జాయింటు మీద పోశాడు. బుడబుడమని నురుగొచ్చింది.

"లోపటి రబ్బరు రింగు పోయింది. మూడు రోజుల సంది దీని ఉస్సు సన్నగైంది."

"నీకెట్ల ఎరుక?"

"పొద్దుందాక కుళ్ళుకుంట గిదే ఇంటున్న గదరా. గాలి బందువెట్టి ప్లేటు ఇప్పు."

అరగంటకు తిరిగొచ్చి, నూనె మరకల రింగొకటి చేతిలో పెట్టాడు.

"ఏడిది కాకా?"

"ఇంట్ల ఉండె. సప్పుడు జెయ్యక బిగియ్యి."

క్లాంపులు పట్టాయి. పొద్దుగూకే లోపల ఆరు వ్యాన్లూ కొత్త టైర్లతో కదిలాయి.

మర్నాడు మజర్ షట్టరు తీస్తుంటే అవతల ఠంగుఠంగుమని చప్పుడు. పెంటయ్య నేలమీద చతికిలబడి, ఇనుప రాడ్లతో కారు టైరు ఊడదీస్తూ చెమటలు కక్కుతున్నాడు. వెనక ఆయన మిషను ప్లేటు ఊడి గోడకు ఆనుకుని ఉంది. మజర్ ఒక్క ఉరుకున రోడ్డు దాటాడు.

"నీ మిషన్ల రింగు పీకి నాకిచ్చినవా కాకా? నిన్న నీది మంచిగుండె. వ్యాన్లు నీ దిక్కే మలుపుకుంటె అయిపోవు గద."

"గుంజుకుంటె నువ్వు షాపు మూస్తవు. ఇగ నేను ఎవని మీద కుళ్ళుకోవాలె?"

మజర్ ఆ చక్రాన్ని దొర్లించుకుపోయి తన మిషను మీద పెట్టాడు. క్లాంపులు గట్టిగా పట్టాయి, రెండు నిమిషాల్లో టైరు ఊడింది. వెనకే వచ్చిన పెంటయ్య ముఖం మాడిపోయింది.

"నా కాడ ఉన్నన్ని రోజులు గా రింగు గింత గట్టిగ ఎన్నడు పట్టలే," అన్నాడు.