జపాన్‌లో అన్నం ముద్ద, కేసముద్రంలో గట్క

నా చిన్నప్పుడు మా మేనత్త వెంట కేసముద్రం మార్కెట్టుకు పోవాల్సి వచ్చిందంటే నాకు ఏడుపొక్కటే తక్కువ. ఆమెతో పోతే హోటలు ఉండదు, కుర్చీ ఉండదు, పూరీ అసలే ఉండదు. ఊరు గాని ఊళ్ళో ఎక్కడ తినాలన్నదానికి ఆమెది ఒకటే సూత్రం. అది అరవై దాటిన నన్ను జపాన్ దాకా వెంబడిస్తుందని అప్పుడు ఎవరైనా అంటే నవ్వేదాన్ని.

ముప్పై ఏళ్ళు బడిలో భూగోళం చెప్పాను. ఫుజి కొండను గోడమీది బొమ్మలో చూపించడమే తప్ప చూసింది లేదు. ఒక్కసారి కళ్ళారా చూడాలని ఉందని నోరు జారితే, హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే మా మనవరాలు రెండేళ్ళు జీతంలో మిగిల్చి నన్ను తీసుకుపోయింది. పిల్ల బంగారమే, కాదనను. కానీ దాని చేతిలో ఫోనుంది చూడండి, దానితోనే నాకు చిక్కొచ్చింది.

ఎక్కడ తినాలో ఆ ఫోను చెప్పాలి. అది చెప్పిన చోట గంటసేపు వరుసలో నిలబడాలి. చివరికి అరచేతంత పళ్ళెంలో మూడు ముక్కలు వస్తాయి. అవి చల్లారేదాకా ఫొటోలు తీయాలి. పైగా విమానంలో మా పక్క సీట్లలో హైదరాబాద్ కుటుంబం ఒకటి కూర్చుంది. వాళ్ళు పెద్ద టూరులో వచ్చినవాళ్ళు. మేమూ పేరున్న చోట్లే తింటామని ఈ పిల్ల వాళ్ళ ముందు గొప్పలు పోయింది. మూడో రోజు పొద్దున మంచం మీద మొహం వేలాడేసుకొని కూర్చుంది. తిండికే డబ్బులు ఇట్లా అయిపోతే కొండకు పోవడానికి రైలు టికెట్లు కొనలేమట. నాకు ఒళ్ళు మండింది. కొండ కోసం వచ్చి, మూడు ముక్కల పళ్ళేలకు కొండను తగలేస్తామా?

ఆ రోజు నుంచి ఫోను సంచిలో వేయించి నేను ముందు నడిచాను. మధ్యాహ్నం స్టేషను దగ్గర నిలబడి, నెత్తిన హెల్మెట్లు, కాళ్ళకు మట్టి బూట్లు ఉన్న పనివాళ్ళు ఎటు పోతున్నారో చూశాను. వాళ్ళు దూరిన కొట్లో కుర్చీలే లేవు. మిషన్లో చిల్లర వేస్తే చీటీ వస్తుంది, చీటీ ఇస్తే పొగలు కక్కే పులుసులో సేమియాలాంటిది గిన్నెడు వస్తుంది. నిలబడే తినాలి. అందరూ సర్రుసర్రున పీలుస్తున్నారు. మా ఇంట్లో ఆ చప్పుడు చేస్తే వీపు విమానం మోత మోగేది. పులుసు తియ్యగా, చేపల వాసనతో ఉంది. మిరపకాయ అంటే ఆ దేశానికి ఎందుకంత పగో నాకు అర్థం కాలేదు. సంచిలోంచి కారప్పొడి తీసి చల్లుకున్నాక కడుపు నిండింది.

మిగతా పూటలకు సందు చివరి కొట్లో దొరికే మూడు మూలల అన్నం ముద్దలు. వాటి కాగితం ఎట్లా విప్పాలో ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేసి ఉంటాయి. ముప్పై ఏళ్ళు పిల్లలకు చదువు చెప్పినదాన్ని, ప్రతిసారీ తప్పుగానే చించాను. పైన చుట్టిన సముద్రపు నాచు కాగితంలోనే ఉండిపోయేది. లోపల ఉప్పులో ఊరిన పుల్లటి పండు మాత్రం మన ఊరబెట్టిన ఉసిరికాయకు చుట్టమే. సాయంత్రమైతే మిగిలిన అన్నం డబ్బాల మీద ధర తగ్గించి చీటీ అంటిస్తారు, అవీ వదల్లేదు. నాలుగు రోజుల్లో రైలు టికెట్లు చేతికొచ్చాయి.

ఇంత చేసినా ఆ పిల్ల తలెత్తి తినదే! ఎవరైనా చూస్తారేమోనని దొంగచూపులు. ఇక్కడ మనల్ని ఎరిగినవాడెవడే అని విసుక్కున్నాను. విసుక్కున్నాను గానీ, ఆ వంచిన తల నాదే.

మా మేనత్తకు భర్త పోయాక సేద్యమంతా ఆమెదే. ఏడాది పండించిన మిర్చి బండికెత్తి మార్కెట్టుకు తెచ్చేది. కాంటా పట్టింది ఎంత మంచివాడైనా, తూకం మీంచి కన్ను తీయొద్దని ఆమె పట్టుదల. ఆ రోజు నేను స్టేషను ఎదుటి హోటల్లో పూరీ కావాలని రాగం తీశాను. ఆమె కాంటా వైపు చూస్తూనే అన్నది:

"బరువులు మోసెటోళ్లు యాడ తింటరో సూసి ఆడ కూసో. గాళ్లకు అర్ధాకలి పెట్టెటోడు రెండోనాడు గంప దించలేడు."

నన్ను తీసుకుపోయి హమాలీల వరుసలో నేల మీద కూర్చోబెట్టింది. గంపతో వచ్చిన ఒక అవ్వ ఆకులో జొన్న రవ్వతో వండిన గట్క పెట్టి పచ్చిపులుసు పోసింది. సరిగ్గా అప్పుడే స్టేషను వైపు నుంచి మా పంతులు గారి బిడ్డ, నా తరగతిదే, తల్లితో నడిచి వస్తోంది. భూములున్న ఇంటి పిల్లను, హమాలీల పక్కన కూర్చున్నాను. నా చెయ్యి ఆకులోనే ఆగిపోయింది.

తినవేందే అని మేనత్త కసిరింది. తర్వాత నా చూపు ఎటుందో చూసింది. లేచి వచ్చి, నాకూ రోడ్డుకూ నడుమ, నా వైపు తిరిగి కూర్చొని కొంగు వెడల్పుగా పరుచుకుంది. ఆ చాటున నేను రెండోసారి కూడా పెట్టించుకొని తింటున్నాను. ఇంతలో హమాలీ ఒకతను, అక్కా మీ బస్తాలు కాంటా ఎక్కుతున్నాయని కేకేశాడు. కాంటా ఆమె వెనక ఉంది.

"ఎక్కనియ్యి తమ్మీ. పిల్ల తింటాంది."

ఆమె తల తిప్పలేదు. ఆ మాట విలువ నాకప్పుడు తెలియలేదు. పూరీ ఇప్పించలేదన్న కోపంతోనే ఇల్లు చేరాను.

కొండకు పోయిన రోజు పొద్దుటి నుంచీ మబ్బే. స్టేషను బయట బెంచీ మీద అన్నం ముద్దలు విప్పుకున్నాం. ఉన్నట్టుండి మబ్బు విచ్చి, గోడమీది బొమ్మలాగే కొండ తెల్లగా నిలబడింది. అదే నిమిషానికి ఎదురుగా బస్సు ఆగి, విమానంలో కలిసిన ఆ హైదరాబాద్ కుటుంబం దిగింది. మనవరాలి చెయ్యి ముద్దతో సహా ఒళ్ళోకి జారిపోయింది. పొద్దున్నుంచీ అది ఏమీ తినలేదు.

నాకు అంత కోపమూ ఎటో పోయింది. లేచి దాని ముందు నిలబడి, చీర కొంగు రెండు చేతులా పట్టుకున్నాను. చలికి కప్పుకుంటున్నదనుకుంటారు. అది నన్ను చూసింది, నా భుజం మీదుగా పైకి చూసింది.

"అమ్మమ్మా, కొండ అటున్నది."

"ఉండనియ్యి బిడ్డా. నువ్వు తిను."

తిన్నది, రెండూ తిన్నది. నేను వెనక్కి తిరిగేసరికి మబ్బు మళ్ళీ దిగుతోంది.

ఆనాటి తూకం ఎట్లా వచ్చిందో మా మేనత్త బతికున్నన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు. కొండ ఎంత కనబడిందని ఇంటికొచ్చాక అందరూ నన్నడుగుతున్నారు. నేనూ చెప్పను.