గుర్రానికి వరస చూశాను

ఇరవై మూడేళ్ళ వయసులో మనిషికి ఉండే ధీమా ఆ తర్వాత మళ్ళీ రాదనుకుంటాను. చదువుకోవడానికి కరీంనగర్ నుంచి కెనడాలో ఆల్బర్టా రాష్ట్రపు ఎడ్మంటన్ వచ్చిన కొత్తలో నాకు తెలియని విషయం లోకంలో ఒక్కటీ ఉండేది కాదు. దొరకని ఉద్యోగాలు మాత్రం చాలా ఉండేవి. కాఫీ కొట్లన్నీ తిరిగి తిరిగి, చివరికి ఊరికి దూరంగా ఒక గుర్రాల ఫామ్‌లో శనాదివారాల పనికి అప్లై చేశాను. అనుభవం ఏముందని అడిగితే మా అమ్మమ్మ వాళ్ళింటి బర్రెల గురించి చెప్పాను (అవి నన్ను తరిమిన సంగతి చెప్పలేదు). ఫామ్ యజమాని ఒక ముసలాయన, ఆయన్ని నేను మనసులో పెద్దాయన అనుకునేదాన్ని. ఆయన తాతల కాలంలో యూరప్ నుంచి ఊరికి ఊరే కదిలి వచ్చి, ప్రభుత్వం ఇచ్చిన భూముల్లో పక్కపక్కనే దిగి పొలాలు చేసుకున్నారట. ఇప్పటికీ ఆ చుట్టుపక్కల వాళ్ళంతా ఒకరికొకరు ఏదో ఒకటి అవుతారు.

పెద్దాయన దగ్గర బండ్లు లాగే భారీ జాతి మగ గుర్రం ఒకటి ఉండేది. వేరే ఫామ్‌ల వాళ్ళు తమ ఆడ గుర్రాలను తీసుకొస్తే వాటితో జత కట్టడం దాని ఉద్యోగం. మిగతా ఏడాదంతా తినడం, అలగడం. ముందు దానికి పెట్టాకే మిగతా వాటికి పెట్టాలి. నీళ్ళు గోరువెచ్చగా ఉండాలి. మనం లద్దె ఎత్తుతుంటే అది మొహం అటు తిప్పుకొని నిలబడుతుంది. మా ఇళ్ళల్లో ఇంత మర్యాద ఒక్కరికే జరుగుతుంది కనుక దానికి అల్లుడుగారు అని పేరు పెట్టాను. ఆ చలికాలంలో ఒకరోజు పెద్దాయన గడ్డి వేస్తూ, వాతావరణం గురించి చెప్పినట్టే చెప్పాడు. "ఈ జాతిని ఇప్పుడెవరూ అడగడం లేదు. మే నెల దాటేలోగా ఒక్క ఆడ గుర్రమైనా రాకపోతే డాక్టర్‌ని పిలిచి విత్తులు తీయించేస్తాను. తర్వాత టూరిస్టుల బండికి ఎవరైనా కొనుక్కుంటారు." నాకు దుఃఖం ఆగలేదు. అల్లుడుగారు టూరిస్టుల బండి లాగడమా! అది చూసి పెద్దాయన, "కంప్యూటర్ చదువుకుంటున్నావు కదా, ఫోన్లూ ఈమెయిళ్ళూ నువ్వే చూడు" అని సంబంధాలు చూసే పని నాకు అప్పజెప్పాడు.

సంబంధాలు చూడడం నాకొకరు నేర్పాలా? మా ఇంట్లో అక్కలందరి పెళ్ళి మాటలూ తలుపు పక్కన నిలబడి విన్నదాన్ని. ఏప్రిల్‌లో ఒకాయన ఫోన్ చేశాడు. (తర్వాత చూస్తే ఎప్పుడూ ఎర్ర టోపీతో ఉండేవాడు కనుక ఎర్రటోపీ అందాం.) తన దగ్గర మంచి ఆడ గుర్రం ఉందన్నాడు. దాని వంశం వివరాలు పంపమన్నాను, పంపాడు. చూస్తే గుండె ఆగినంత పనైంది. వెంటనే ఆయనకు ఫోన్ చేశాను.

"సారీ సర్, కుదరదు. మీది మావాడికి చెల్లెలవుతుంది."

"చెల్లెలా?"

"మీ దాని నాన్న, మావాడి నాన్న ఒకే తండ్రి పిల్లలు. అంటే ఇది బాబాయి కూతురు."

"కజిన్ అన్నమాట" అన్నాడు ఎర్రటోపీ.

"కజిన్ అయితే ఇబ్బంది లేదు సర్. మేనమామ కూతురైతే నేనే దగ్గరుండి జరిపించేదాన్ని. ఇది ఆ వరస కాదు."

ఆయన మర్యాదగా థాంక్స్ చెప్పి పెట్టేశాడు. పెద్ద పాపం ఆపానన్న తృప్తితో నేను వెళ్ళి లద్దె ఎత్తుకున్నాను.

ఆ తర్వాత ఒక్క ఫోనూ రాలేదు. మే చివరి వారంలో పెద్దాయన డాక్టర్‌ని సోమవారం రమ్మన్నాడు. అప్పుడు గానీ నేను ఎర్రటోపీ సంగతి చెప్పలేదు. పెద్దాయన అంతా విని, టోపీ తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు.

"అవి గుర్రాలు" అన్నాడు.

"తెలుసు సర్."

"వాటికి తెలియదు."

జాతి నిలబడడానికి ఆ మాత్రం దూరపు చుట్టరికంలో కావాలనే కలుపుతారట. నేను కళ్ళు తుడుచుకొని ఎర్రటోపీకి ఫోన్ చేసి బతిమాలాను. ఆయన, "మా అమ్మా నాన్నలవి కూడా ఒకే ఊరి నుంచి వచ్చిన కుటుంబాలు. నీ లెక్కన అయితే ఈ చుట్టుపక్కల ఎవరికీ పెళ్ళయ్యేది కాదు. ఆదివారం తీసుకొస్తా" అన్నాడు.

ఆదివారం అల్లుడుగారికి తోక దువ్వి, జూలు దువ్వి సిద్ధం చేశాను. ట్రైలర్‌లోంచి ఎర్రటి ఆడ గుర్రం దిగింది. ఇక పని జరిగిపోతుందని నేను అటు తిరిగి నిలబడబోతే (వరస సంగతి ఇంకా మింగుడుపడలేదు), పెద్దాయన దాన్ని ఒక ఎత్తైన చెక్క గేటుకు ఇవతల నిలబెట్టి, అల్లుడుగారిని అవతలకు తెచ్చాడు. "ముందు ఆమెను అడగాలి" అన్నాడు. అల్లుడుగారు మెడ వంచి, ఎన్నడూ లేనంత మర్యాదగా ఏదో గొణిగారు. ఆమె చెవులు వెనక్కి వాల్చి, వెనక్కి తిరిగి, రెండు కాళ్ళతో గేటును తన్నింది. ఒక చెక్క విరిగింది.

"వద్దంది" అన్నాడు పెద్దాయన. ఎర్రటోపీ తలూపాడు.

"రేపు డాక్టర్ వస్తాడు కదా సర్! ఇంకొక్కసారి…" అన్నాను.

"వద్దంటే వద్దే. డాక్టర్‌ని ఆగమంటాలే. రెండు రోజులాగి మళ్ళీ అడుగుదాం."

ఆమెకు నచ్చజెప్పినవాళ్ళు లేరు. ఇంత దూరం వచ్చి ఇదేం పని అన్నవాళ్ళూ లేరు. నీళ్ళు తాగించి పచ్చిక మీదికి వదిలారు. నేను విరిగిన చెక్క పట్టుకొని అక్కడే నిలబడిపోయాను. దాని నాన్న ఎవరు, తాత ఎవరు అని అంత చూశానే, దాన్నొకసారి అడగాలని నాకు తోచలేదు. ఆ వారమే మా అమ్మ కరీంనగర్‌లోనే ఉండి, ఇక్కడ కెనడాలోనే ఉన్న కిచెనర్ ఊరి సాఫ్ట్‌వేర్ అబ్బాయితో నా సంబంధం ఖాయం చేసే పనిలో ఉంది. వాళ్ళు నా ఎత్తు అడిగారు, రంగు అడిగారు, పీఆర్, అంటే ఇక్కడే ఉండిపోయే అనుమతి, ఎప్పుడొస్తుందని అడిగారు. నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. అడగలేదని నేనూ గమనించలేదు. చాలా బాధేసింది.

బుధవారం క్లాసు ఎగ్గొట్టి వెళ్ళాను. ఆమె తనంతట తానే గేటు దగ్గరికొచ్చి, ఒళ్ళు ఆనించి నెమ్మదిగా నిలబడింది. పెద్దాయన గేటు తీశాడు. అల్లుడుగారి ఉద్యోగం నిలబడింది. (మరుసటి వసంతంలో పుట్టిన పిల్లను అన్ని వైపుల నుంచీ పరీక్షించాను. ఏ పాపం ఆనవాళ్ళూ కనబడలేదు.)

ఆ సాయంత్రమే అమ్మకు ఫోన్ చేసి, కిచెనర్ సంబంధం వద్దన్నాను.

"ఎందుకే? గోత్రం వేరు, వరస కలిసింది, పిలగాడు మంచిగున్నడు. ఇంకేం గావాలె నీకు?"

"నన్నెవ్వరూ అడగలేదమ్మా."

అమ్మ "గుర్రాల కాడ చేరి తన్నుడు నేర్చుకున్నవ్" అంది.

అది తిట్టో, ఒప్పుకోవడమో ఇప్పటికీ తెలియదు, ఆ సంబంధం ఊసు మాత్రం మళ్ళీ ఎత్తలేదు. ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది. వద్దనవచ్చని తెలుసుకోవడానికి ఆ ఇరవై మూడేళ్ళ పిల్ల ఆల్బర్టా దాకా రావలసి వచ్చింది, పాపం.