రెండో దీపం ముందు గొయ్యి

ఆవకాయకి మామిడికాయలు కొడుతూ ఎడమ బొటనవేలి నరం తెగ్గొట్టుకున్నాను. తప్పు కత్తిది కాదు, నాదే. పక్కింటావిడ కత్తి కోసం గుమ్మంలో నిలబడిందని గబగబా కొట్టేశాను. గుంటూరులో ఆపరేషన్ చేశారు. కట్టు విప్పిన రోజు డాక్టరుగారు, "ఇక వేలు ఆడిస్తూనే ఉండాలమ్మా, లేకపోతే బిగుసుకుపోతుంది" అని రబ్బరు బంతి ఒకటి చేతిలో పెట్టారు. రెండు రోజులు పిసికాను. మూడో రోజు విసుగొచ్చి వాకిట్లోకి విసిరికొట్టాను.

నేను బ్లౌజులు కుడతాను. సత్తెనపల్లి రోడ్డు మీదే మా ఇల్లు, ముందు గదిలో మిషన్. గుడ్డని సూది కిందికి తిన్నగా పంపేది ఎడమ చెయ్యే. ఆ బొటనవేలు గట్టిగా ఆనకపోతే కుట్టు వంకర పోతుంది. శ్రావణం దగ్గరికొస్తోంది. పత్తిలో కలుపు తీసి ఇంటికెళ్తూ ఒకావిడ రోజూ నా గుమ్మం ముందు ఆగేది. "ఏమ్మా, మిషన్ ఎక్కేదెప్పుడు? శ్రావణానికన్నా అందుతావా, వేరేచోట ఇచ్చుకోమంటావా?" ఆమె అటు వెళ్లగానే నేను కాలుగాలిన పిల్లిలా వంటింటికీ మిషన్‌కీ మధ్య తిరిగేదాన్ని.

నా బాధ చూడలేక మా ఆయన తన ఫోనులో ఆట తెరిచి ఇచ్చారు. ఆయన దాచేపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీలో పని చేస్తారు, రోజూ బస్సులో ఆడుకుంటూ వెళ్లేవారు. ఆ రోజు నుంచి ఫోను ఇంట్లో నాకే వదిలి వెళ్లారు. "ఎడమ బొటనవేలితో నడిపించాలి, కుడిదాంతో ఎగరాలి. బంతి కన్నా నయం" అన్నారు.

కొత్తగా చేసిన ఆటే. చూడ్డానికి మాత్రం మా చిన్నప్పుడు టీవీకి తగిలించి ఆడినవాటిలా ఉంటుంది. చతురస్రాల బొమ్మలు, కీచుమనే పాట. చేతిలో లాంతరు పట్టుకున్న ఒక బుల్లి మనిషి భూమి కింద గదులు వెతుక్కుంటూ పోతాడు. ఎటు పోవాలో ఎవరూ చెప్పరు. మొదట్లో తెరుచుకోని తలుపు, ఎక్కడో తాళంచెవి దొరికాక గుర్తొస్తుంది. అప్పుడు వెనక్కి పరుగెత్తి దాన్ని తీస్తే, అబ్బ, ఎంత సంతోషమో! గోడ అనుకున్నచోట దారి ఉంటుంది. పొయ్యి మీద పాలు పొంగిపోయినా నాకు తెలిసేది కాదు.

కానీ ఆ ఆట చేసినవాడి మీద నాకు ఒళ్లు మండేది. దీపం ముట్టుకున్నచోటే మనం ఆడింది నిలబడుతుంది. మొదటి దీపానికీ రెండోదానికీ మధ్య తొమ్మిది గదులు. ఎనిమిది దాటి తొమ్మిదోదాంట్లో చచ్చామా, మళ్లీ మొదటికే. అవే గబ్బిలాలు, అవే మెట్లు. దారి పటం లేదు. అక్షరాలు చీమతలకాయలంత. పాత ఆటలా ఉండాలంటే పాత మొండితనం కూడా తెచ్చిపెట్టాలా?

ఆ తొమ్మిదో గదిలోనే గొయ్యి. ఎడమ బొటనవేలు ఎత్తకుండా నొక్కి పట్టి పరుగెత్తించి, సరిగ్గా అంచున ఎగరాలి. నా వేలు సగంలో సడలిపోయేది. మనిషి ఆగిపోయేవాడు, ఎగిరితే గోతిలో పడేవాడు. ఇరవై రోజులు పడ్డాను. ఫోను మంచం మీద గిరాటేసి, అన్నం మానేసి, మళ్లీ నేనే తీసుకునేదాన్ని.

ఒకరోజు మధ్యాహ్నం గొయ్యి దాటేశాను. ఆ రోజు మొదటిసారికే! రెండో దీపం వెలిగింది. ఇంట్లో ఎవరూ లేకపోయినా గట్టిగా కేక పెట్టాను. వేలు వచ్చేసిందనుకున్నాను. పరుగున వెళ్లి మిషన్ మీది దుప్పటి లాగేసి, పాత చీర ముక్క పెట్టి తొక్కాను. జానెడు కూడా వెళ్లకుండానే గుడ్డ జారింది. కుట్టు పక్కకి పోయింది. మళ్లీ పెట్టాను. మళ్లీ పోయింది.

ఏం అర్థంకాక ఫోను పట్టుకున్నాను. నడుస్తుండగా చెమట తుడుచుకోడానికి ఎడమ చెయ్యి తీశాను. మనిషి ఆగలేదు. వేలు లేకుండానే పరుగెత్తుతున్నాడు.

సాయంత్రం ఆయన చెప్పులు విప్పకముందే అడిగాను. "ఏమండీ, దీన్ని మార్చింది మీరేనా?"

ఆయన నీళ్లు నమిలారు. "పొద్దున నువ్వు స్నానానికెళ్లినప్పుడు... ఒకసారి ముట్టుకుంటే దానంతటదే పరుగెత్తేలా పెట్టాను. నీ ఏడుపు చూడలేకపోయానే."

"నేను మిషన్ ఎక్కానండీ! వేలు వచ్చేసిందనుకున్నాను!" అని అరిచాను. ఆయన చెప్పులు విప్పకుండా గుమ్మంలోనే కూర్చుండిపోయారు.

"ఎలా ఉన్నదాన్ని అలా పెట్టండి."

"మళ్లీ పడతావు."

"పడనివ్వండి."

ఆయన మార్చి ఇచ్చారు. రెండో దీపం వద్దని మొదటిదాని నుంచే మొదలుపెట్టాను. గబ్బిలాలు, మెట్లు, ఎనిమిది గదులు. ఆయన పక్కకొచ్చి కూర్చున్నారు. తొమ్మిదో గదిలో ఎడమ బొటనవేలు నొక్కి పట్టాను. సూది గుచ్చినట్టు నొప్పి. గొయ్యి కనబడగానే ఎగిరాను. పడ్డాను.

"పోయిందా?" అన్నారు ఆయన, మెల్లగా.

"పోయింది. అంచు రాకముందే ఎగిరేశాను."

అన్నాక చేతులకేసి చూసుకున్నాను. తొందరపడింది కుడిది.

"చూడండి, ఎడమది నొక్కే ఉంది" అన్నాను. తెర మీద చచ్చిపోయావని ఎర్రక్షరాలు వెలిగి ఆరిపోతున్నాయి. నేను ఇంకా వేలు తీయలేదు.