లాబ్ నేర్చుకున్న ఏడాది

రెండువేల మూడు వేసవిలో, ఐదో నెలలో నాకు కడుపు పోయింది. అప్పటికి మేం బెంగళూరు బ్రూక్‌ఫీల్డ్‌లో ఫ్లాట్ కొనుక్కుని ఏడాది కూడా కాలేదు. ఆస్పత్రి నుంచి వచ్చేసరికి, ఉయ్యాల కోసమని మా ఆయన తొందరపడి పైకప్పుకు బిగించిన కొక్కేలు లేవు. ఎప్పుడు విప్పాడో చెప్పలేదు, నేనూ అడగలేదు. సోమవారం ఎప్పటిలాగే ఆఫీసుకు వెళ్ళాడు. మనిషికి ఏమీ అనిపించలేదనుకున్నాను.

వ్యాయామం చెయ్యొచ్చని డాక్టరు చెప్పాక, పొద్దున్నే మా అపార్ట్‌మెంట్ కింద ఉన్న స్క్వాష్ కోర్టుకు వెళ్ళడం మొదలుపెట్టాను. ఒక్కదాన్నే నిలబడి, ఎదురుగోడకేసి బలంకొద్దీ బంతిని కొట్టేదాన్ని. భుజం లాగేసేదాకా కొట్టి, స్నానం చేసి ఆఫీసు బస్సెక్కేదాన్ని.

ఒకరోజు అద్దాల తలుపు తోసుకుని రెండో అంతస్తు ఆంటీ లోపలికి వచ్చింది. దొడ్డబళ్ళాపురంలో మగ్గాలు నడిపిన కుటుంబం వాళ్ళది. వయసులో ఉండగా రాష్ట్రం తరఫున ఆడిందట. ఇప్పుడు తుంటి అరిగి కర్ర పట్టుకుని నడిచేది.

"ఆ గోడ నీకేం చేసిండాదమ్మా, అట్ల బాదుతా ఉండావు?" అంది.

నాకు నవ్వు రాలేదు. ఆవిడ కర్రను గోడకానించి నా రాకెట్ తీసుకుంది.

"నిన్ను మూలకు తోసినప్పుడు గట్టిగా కొడితే బంతి ఇంకా బిరీన ఎనక్కొస్తాది. అప్పుడు పైకెత్తల్ల, మెల్లగా. అది పోయి ఎనక మూలలో పడేలోపల నువ్వు నడుమకొచ్చి నిలబడొచ్చు."

దాన్ని లాబ్ అంటారట. చూస్తే ఎంతో తేలిక. మోకాళ్ళు వంచి, రాకెట్‌ను వెల్లకిలా తిప్పి, బంతిని కిందినుంచి ఎత్తాలి. నేనెత్తితే పైనున్న లైట్లకు తగిలేది, లేదంటే కోర్టు మధ్యలోనే పడేది. చేతిలో బలం తగ్గించుకోవడం నాకు చేతకాలేదు. "యాల ఆ తొందర? బంతిని రానీ," అనేది ఆంటీ.

వానలు పట్టాక ఒక పొద్దున, నేనెత్తిన బంతి పక్కగోడను పైన కాస్త రాసుకుంటూ వెళ్ళి వెనక మూలలో పడింది. మళ్ళీ లేవలేదు.

"అట్ల! మూలలో పడి సచ్చిపోవల్ల," అంది ఆంటీ సంతోషంగా.

ఆ మాట చెవిన పడగానే అక్కడే కూలబడ్డాను. బిడ్డ సంగతి అమ్మకు కూడా సరిగ్గా చెప్పనిదాన్ని ఆవిడకు చెప్పాను.

"తెల్సమ్మా," అంది. "నువ్వు ఆస్పత్రిలో ఉండంగా మీ ఆయన లిఫ్టులో ఏడుస్తా ఉండె. పైకీ కిందికీ పోతాడు గాని బయటికి రాడు. నేనే చెయ్యి పట్టుకోని ఇంట్లో కూర్చోబెట్టి కాఫీ ఇస్తి."

ఆ ఆదివారం మా ఆయన్ని ఆటకు రమ్మన్నాను. అతనిదంతా వేగం. నన్ను మూలకు తోసినప్పుడల్లా నేను లాబ్ ఎత్తాను. అతను వెనక్కి పరిగెత్తాడు, మళ్ళీ పరిగెత్తాడు. చివరికి ఒక బంతి తన వెనక పడుతుంటే కదలకుండా నిలబడి, గోడకు చేరగిలబడి కూర్చున్నాడు.

"పేరు కూడా అనుకున్నాను," అన్నాడు.

"ఏం పేరు?"

చెప్పాడు. ఆడపిల్ల పేరు. తర్వాత ఆడాల్సినవాళ్ళు అద్దం మీద తట్టేదాకా ఇద్దరం అలాగే కూర్చున్నాం.

మరుసటి ఏడాది ఆంటీ బాత్రూములో జారిపడింది. ఆపరేషన్ అయినా మంచం దిగలేదు. ఆవిడ తమ్ముడు చిక్‌పేటలోని తన ఇంటికి తీసుకెళ్ళాడు. చూడ్డానికి వెళితే నన్ను గుర్తుపట్టలేదు. మా ఆయన్ని మాత్రం "అన్నం తింటివా అప్పా?" అని అడిగింది. దీపావళికి ముందే పోయింది.

మాకు మళ్ళీ పిల్లలు కలగలేదు. ఎంతమంది పిల్లలని ఎవరైనా అడిగితే లేరని నేను చెప్పేస్తాను. మా ఆయన మాత్రం ఆ ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పడు.