కత్తి గుర్తు మాటల సార్

మా ఇంగ్లీషు సార్ పోయారన్న కబురు మా తమ్ముడు తెచ్చాడు. వడమాలపేట నుంచి పొద్దున బస్సుకు వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా గడప దగ్గరే నిలబడి, "అక్కా, మీ ఇంగ్లీషు సార్ పోయినాడు. నిద్దర్లోనే పోయినాడంట" అన్నాడు. నేను బియ్యంలో రాళ్లు ఏరుతున్నాను. చావు కబురు వింటే ఎవరికైనా ముందు ఏడుపు రావాలి. నాకు కోపం వచ్చింది. ఈ నాలుగు మాటలు రాయడానికి కూర్చుంటే ఇప్పుడూ అదే ముందు వస్తోంది, పాఠకులు మన్నించాలి.

వడమాలపేట హైస్కూల్లో ఆయన మాకు ఇంగ్లీషు చెప్పేవారు. పాఠం త్వరగా ముగించేసి, సంచిలోంచి అట్ట ఊడిన లావుపాటి డిక్షనరీ తీసేవారు. అందులో కొన్ని మాటల పక్కన చిన్న కత్తి బొమ్మ ఉండేది. ఆయనకు ఆ మాటలే కావాలి. "కత్తి ఉండే మాట అంటే రాజుల కొలువులో తిరిగిన మాట. ఇంగ్లీషోళ్లల్లో కూడా అందరికీ రాదు" అనేవారు. ఫెయిన్ అంటే ఇష్టపూర్వకంగా. ఎనన్ అంటే త్వరలోనే. మెథింక్స్ అంటే నాకు తోస్తున్నది. అర్థం ముందు ఇంగ్లీషులో, తర్వాత తెలుగులో చెప్పించేవారు. ఆ మాట పెట్టి అడిగితే తప్ప ఎవరినీ బయటికి వదిలేవారు కాదు. నీళ్లు తాగాలన్నా 'ఐ వుడ్ ఫెయిన్ డ్రింక్' అనాల్సిందే. దాహంతో ఉన్నవాడికి ఆ మాట చచ్చినా గుర్తొచ్చేది కాదు, పాపం.

బస్సులోనూ అంతే. కండక్టరు "యాడికి సార్?" అంటే చాలు, "యాడికి అనేదానికి ఇంగ్లీషులో విదర్ అని మంచి మాట ఉండాది అబ్బా" అని మొదలుపెట్టేవారు. "అదంతా నాకొద్దు సామీ, పుత్తూరా తిరుపతా, అది సెప్పండి" అనేవాడు కండక్టరు. బస్సంతా నవ్వేది. లవంగం నములుతూ సార్ కూడా నవ్వేవారు. ఆ నవ్వంటే నాకు చాలా ఇష్టం.

క్లాసులో ఆ మాటల పిచ్చి పూర్తిగా పట్టింది నాకే. మాది పప్పులూ బెల్లమూ అమ్మే అంగడి. పొట్లాలు కడుతూ అర్థాలు వల్లించేదాన్ని. ఒకరోజు సార్ అంగడికి వచ్చి మా నాయనతో, "మీ పాప ఇంగ్లీషు టీచరవుతాది. అది నా పూచీ" అన్నారు. ఆ మాట నమ్మే నాయన నన్ను తిరుపతిలో కాలేజీకి పంపాడు.

బి.ఎ. అయ్యాక చిత్తూరులో కొత్తగా పెట్టిన ఒక ఇంగ్లీషు మీడియం స్కూల్లో టీచరు పోస్టు ఉందని తెలిసింది. "ఇది వస్తే సరి. లేకుంటే వచ్చి అంగట్లో కూచోవాల" అని నాయన ముందే తేల్చేశాడు. ఇంటర్వ్యూ గదిలోకి వెళితే కరస్పాండెంటు పక్కన మా సార్ కూర్చుని ఉన్నారు. ఇంగ్లీషు తెలిసిన పెద్దమనిషని పిలిపించారట. నాకు ప్రాణం లేచొచ్చింది. ఉద్యోగం ఇక నాదే అనుకున్నాను.

ఈ స్కూల్లో ఎందుకు చేరాలనుకుంటున్నావని అడిగితే, 'మెథింక్స్' అని మొదలుపెట్టి 'ఐ వుడ్ ఫెయిన్ టీచ్' అని ముగించాను. కరస్పాండెంటు కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. "వీటి పక్కన కత్తి గుర్తు ఉంటుంది, చూళ్లేదామ్మా? ఇప్పుడెవరూ వాడని, చచ్చిపోయిన మాటలకు పెడతారు దాన్ని. ఎవరు నేర్పినారు నీకు ఇవన్నీ?"

నేను సార్ వైపు చూశాను. ఆయన పైన తిరుగుతున్న ఫ్యాను వైపు చూశారు. "ఏదో పాత డిక్షనరీ పెట్టుకోని బట్టీ కొట్టింటాది. పల్లెటూరి పిల్ల గదా" అన్నారు. అని, ఆయన కూడా నవ్వారు.

తిరుగు బస్సులో నా ముందు సీట్లో కూర్చున్నారు. పూతలపట్టు దాటాక ఉండబట్టలేక నేనే అడిగాను.

"ఆ గుర్తుకు అర్థం మీకు తెలుసా సార్?"

"తెలుసు మా."

"మరి మాకెందుకు నేర్పినారు?"

"నాకు ఆ మాటలంటే పానం. వినేదానికి ఎవురూ లేకపోయిరి. మీరు విన్నారు."

"నేర్పింది నేనేనని ఒక్క మాట ఎందుకు చెప్పకపోతిరి?"

ఆయన కిటికీ వైపు తిరిగారు. "రిటైరైనాక ఆడ నాకు పోస్టు ఇస్తామన్నారు మా."

చచ్చిన మాటలు నేర్పినందుకు నాకు కోపం లేదు. నేర్పలేదన్నట్టు కూర్చున్నారు చూడండి, అది నమ్మకద్రోహం. అప్పుడూ అదే అనుకున్నాను, ఇప్పుడూ అదే అంటాను.

నేను అంగట్లో కూర్చున్నాను. ఆయన రిటైరై ఆ స్కూల్లో చేరారు. ఒకసారి చిత్తూరులో ఆ స్కూలు కిటికీ పక్కగా పోతుంటే ఆయన గొంతు వినిపించింది. 'దిస్ ఈజ్ ఎ క్యాట్' అని పిల్లల చేత అనిపిస్తున్నారు. ఆ గొంతులో ఉప్పూ కారం లేదు. నిలబడి వినబుద్ధి కాలేదు.

చాలా ఏళ్లకు నేనూ టీచరునయ్యాను, పూతలపట్టులో, తెలుగు టీచరుని. కొత్త మాట వస్తే దాన్ని పిల్లల చేత అటూ ఇటూ తిప్పించి, అర్థం వాళ్ల నోటే చెప్పిస్తాను. ఆ పద్ధతి ఆయనదే. మాట మీద నాకు రుచి పుట్టించింది ఆయనే. ఇది ఇక్కడ ఒప్పుకోకపోతే నేనూ ఆయనలాంటిదాన్నే అవుతాను.

తమ్ముడితో కలిసి మధ్యాహ్నానికి వడమాలపేట చేరాను. సార్‌ను వసారాలో పడుకోబెట్టారు. కరస్పాండెంటు కూడా వచ్చాడు. "పిల్లలకు అర్థమయ్యే ఇంగ్లీషే చెప్పేవారమ్మా. గొప్పలకు పోయే మనిషి కాదు" అని సార్ భార్యతో అంటున్నాడు. ఆమె తల ఊపుతోంది. నాకు ఒళ్లు మండింది. అన్నేళ్లు కలిసి పనిచేసినా ఆయనెవరో ఆ స్కూలువాళ్లకు తెలియనే లేదు.

దండ వేయడానికి దగ్గరికి వెళ్లాను. పోయినవాళ్ల నోరు తెరుచుకోకుండా కడతారు కదా, గడ్డం కింది నుంచి నడినెత్తి మీదికి తెల్లగుడ్డ బిగించి ముడి వేశారు. ఆ ముడి విప్పెయ్యాలనిపించింది నాకు. అందరూ ఉన్నారు, ఆ కరస్పాండెంటు కూడా ఇక్కడే నిలబడి ఉన్నాడు, ఇప్పుడైనా చెప్పండి సార్, ఈ పిల్లకు నేర్పింది నేనేనని.

"జరగమ్మా, ఎత్తాల" అన్నారెవరో వెనక నుంచి. నలుగురు వంగి ఆయన్ను పాడె మీదికి మార్చారు. ఆ కుదుపుకు తల కొద్దిగా నా వైపు వాలింది. కట్టు మాత్రం బిగువుగానే ఉంది.