మా ముసలి సాంచకు ట్రక్కు పుల్లీ

ఆ రోజుల్లో నాకు పందొమ్మిదేళ్లు. చేతిలో గాజు పగిలిన ఫోను, తలలో లోకంలోని జ్ఞానమంతా ఉండేవి. పని చేసేవాడికి పని తెలియదనీ, ఫోనులో చూసేవాడికే తెలుసుననీ గట్టిగా నమ్మిన కాలమది. ఇప్పటి పిల్లల్ని చూసి తల పట్టుకునే పెద్దలారా, అప్పటి నన్ను మీరు చూడలేదు. అయితే జరిగినదాంట్లో తప్పంతా నాదేనని మా షోలాపూర్ నీలం నగర్‌లో ఇప్పటికీ నవ్వుకుంటారు చూడండి, దానికి మాత్రం నేను ఒప్పుకోను. ఆ కోపంతోనే ఇది రాస్తున్నాను.

మా ముందు గదిలో రెండు మరమగ్గాలు ఉండేవి (మా ఇళ్లల్లో వాటిని సాంచలంటాం). గోడవైపుది కొత్తది, నాయినకు ముద్దులది. తలుపు దగ్గరిది తాత కొన్నది. ఆ ముసలి సాంచ మీద తువ్వాళ్ల పడుగు ఎక్కించిన నాటి నుంచి పోగు తెగని గంట లేదు. పోగు తెగేది, సాంచ ఆగేది, నాయిన తిట్టేవాడు, నేను ముడి వేసేవాణ్ని. చివరికి ఒక బుధవారం నాడు అన్నం తింటూ నాయిన మాట తేల్చేశాడు.

"ఐతారం భంగార్‌వాలాను రమ్మన్న. ముసలి సాంచను పాత ఇనుము కింద తూకానికేస్త. ఉన్న ఒక్క సాంచకు ఇద్దరు మొగోళ్లెందుకు? నువ్వు పుణెకు పో. మీ చిన్నమామ గోదాంల పెట్టిస్తడు."

ఊరగాయ అందుకోమన్నంత తేలిగ్గా అన్నాడా మాట! నాకు ఒళ్లు మండిపోయింది. నేను మొదటి ముడి వేయడం నేర్చుకున్నది ఆ సాంచ మీదే. దాన్ని ఇనుప ముక్కల్లా అమ్మడమేంటి, నన్ను పుణె గోదాంలో పెట్టెలు మోయడానికి పంపడమేంటి? సాంచనూ అడగలేదు, నన్నూ అడగలేదు. ఆ పూట అన్నం సగంలో వదిలి లేచాను (అమ్మ చూడనప్పుడు మిగతా సగం తిన్నాను, అది వేరే సంగతి).

అప్పుడు దొరికాడు ఫోనులో అమెరికా ఆయన. ఎర్రటి ట్రక్కు, బంపరే మా ముందు గదంత ఉంది. దాని ఇంజనులోకి గాలిని బలవంతంగా ఊదే యంత్రం ఒకటుంది, సూపర్‌చార్జర్ అంటాడు. అది బెల్టుతో తిరుగుతుంది. ఆయన దాని పుల్లీ ఊడదీశాడు, అంతకంటే చిన్నది బిగించాడు, ట్రక్కు గర్జించింది. అంతే! ఆయన భాష నాకు సగమే అర్థమైంది కానీ పుల్లీ భాష మాకు కొత్తా? మా ముసలి సాంచకు రోగమేమిటో తెలిసిపోయింది. దానికి దమ్ము చాలడం లేదు. మోటారుకున్న పుల్లీ తీసేసి చిన్నది పెడితే సాంచ పరుగెడుతుంది, నాయిన నోరు మూతపడుతుంది, పుణె బస్సు నేను లేకుండానే పోతుంది.

మర్నాడు జోడ్‌భావి పేట్‌లో ఇనుప సామాను చెక్కి ఇచ్చే లేథ్ కాక దగ్గరికి వెళ్లి, ఫలానా కొలతకు పుల్లీ కావాలన్నాను. ఆయన నన్ను పైనుంచి కిందికి చూసి, "నక్కీ లహాన్ పాయిజే కా రే?" అన్నాడు, నిజంగా చిన్నదే కావాలా అని. చిన్నదే కావాలని ఛాతీ విరుచుకుని చెప్పాను. (తెలిసీ ఎందుకు చెప్పలేదని తర్వాత నిలదీశాను. గిరాకీ అడిగింది చేసిచ్చే వరకే తన పనట. ఎంత పెద్దమనిషో చూడండి!)

శుక్రవారం నాయిన నూలు కోసం దాజీ పేట్ వెళ్లగానే పుల్లీ బిగించాను. కొత్త సామాను ఎక్కిస్తే కొబ్బరికాయ కొట్టకుండా మావాళ్లు స్విచ్ ముట్టరు. నేనేమో ఇంట్లో కొట్టి ఊరుకోక గల్లీ మొత్తాన్నీ పిలిచాను. అమ్మ బీడీల చాట పక్కన పెట్టి వచ్చి పుల్లీకి పసుపు కుంకుమ పెట్టింది. సూపర్‌చార్జర్ గురించి నేను చిన్న ఉపన్యాసం ఇచ్చాను. కాయ కొట్టాను, స్విచ్ వేశాను. ఎప్పుడూ టకటకటకమనే సాంచ, వడ్లు దంచి దంచి అలసిన రోకలిలాగా టక్... టక్... టక్... అంది.

మా గల్లీలో ఎవరి సాంచ ఎట్లా నడుస్తుందో చప్పుడును బట్టి చెప్పేస్తారు. ఎదురింటి పెద్దాయన చెవి రిక్కించి, వోల్టేజ్ పడిందా అని అడిగాడు. మునిగిపోయేవాడికి కొమ్మ దొరికినట్టయింది నాకు. వోల్టేజే, ముమ్మాటికీ వోల్టేజే! గల్లీ చివర స్తంభం దగ్గరున్న లైన్‌మన్ మీదికి వెళ్లి చెడామడా వాదించాను. పాపం అతను మా ఇంటికొచ్చి మీటర్ పెట్టి చూపించాడు, కరెంటు నిండుగా ఉంది. మీ మీటరే బాగాలేదన్నాను. "నాచ్‌తా యేఈనా, అంగణ్ వాకడే" అని నవ్వి వెళ్లిపోయాడు (ఆడలేక మద్దెల ఓడు అని మనం అనేదాన్నే మరాఠీలో నా మొహాన కొట్టాడు).

అప్పుడు అమ్మ చాట ముందు కూర్చుని, ఆకు చుడుతూనే చెప్పింది.

"రాట్నం మర్సినవా? పెద్ద చక్రం తిప్పితే సిన్న కదురు ఉరుకుతది. ఆయన ట్రక్కుల తిరిగే కదురును సిన్నగ చేసిండు. నువ్వు తిప్పే చక్రాన్నే సిన్నగ చేసినవ్."

గల్లీ మొత్తం పగలబడి నవ్వింది. ఆ రోజు నుంచి నా పేరు ట్రక్కు. ఇంత తెలిసినదానివి కాయ కొట్టకముందే చెప్పొచ్చు కదమ్మా అంటే, "అడిగినవా?" అంది. ఇదెక్కడి న్యాయమండీ? అడిగితేనే చెప్పే మనుషుల మధ్య పెరిగినవాడు ఫోనును అడగక ఎవర్ని అడుగుతాడు?

నాయిన వచ్చి గుమ్మంలోనే ఆగిపోయి చప్పుడు విన్నాడు. నేను పానా పట్టుకుని పుల్లీ విప్పబోతే, ఎట్లాగూ ఐతారం పోయేదే, నడవనిమ్మన్నాడు. అలవాటు కొద్దీ సాంచ ముందు పీట వేసుకుని, పోగు ఎప్పుడు తెగుతుందా అని కూర్చున్నాడు. అరగంటైంది, తెగలేదు. గంటైంది, తెగలేదు. నాయిన లేచి పడుగు మీద చెయ్యి రాసి, ఒక పోగు వేళ్ల మధ్య పట్టి లాగి చూశాడు.

"నూలే కచ్చాది," అన్నాడు మెల్లగా. "సాంచను ఉత్తగ తిడ్తిమి."

ఆ నూలు సాంచ పాత వేగానికి తట్టుకోలేకపోయింది, అంతే. మెల్లగా నడిచినా ఆగకుండా నడిచింది కాబట్టి, దీపాలు పెట్టే వేళకల్లా మునుపెన్నడూ దిగనన్ని తువ్వాళ్లు దిగాయి. శనివారమూ అంతే.

ఐతారం పొద్దున భంగార్‌వాలా టెంపో తెచ్చి గుమ్మం ముందు పెట్టాడు. నాయిన అతనికి చాయ్ ఇచ్చాడు. అతను తాగేదాకా ఆగి, లోపలికి వెళ్లి, నేను విప్పి పెట్టిన పాత పుల్లీ తెచ్చి అతని తక్కెడలో వేశాడు. ఇదొక్కటే ఉందన్నాడు. పుణె మాట మళ్లీ ఎత్తలేదు.

పోనీ, నన్ను మెచ్చుకున్నాడా? ముసలి సాంచ ఎట్లా బాగుపడిందని గల్లీలో అడిగిన ప్రతివాడికీ, "వోల్టేజ్ సుధరాయించింది" అని చెప్పాడు. వోల్టేజట! నా అబద్ధాన్ని నాకే తిప్పి కొట్టాడు. కాదని అంటే మీటరు కథంతా బయటికొస్తుంది, కడుపు చించుకుంటే కాళ్ల మీద పడ్డట్టు. ఎనిమిదేళ్లుగా లోపల్లోపలే ఉడుకుతూ ఉన్నాను.

పోయిన నెల ఆ పుల్లీ అరిగిపోయింది. ఇప్పుడు లేథ్ కాక కొడుకు కొలతలకు ఇంటికే వస్తాడు. ఈ మధ్య వచ్చే నూలు బాగుంది, కొంచెం పెద్ద పుల్లీ పెడదామని నేను అతనితో అంటున్నాను. మంచం మీద వక్కలు కత్తిరిస్తున్న నాయిన తలెత్తకుండా, నాతో కాదు, అతనితో అన్నాడు.

"సైజు మార్చకు. అది మా పోరడు ఆలోచన చేసి పెట్టించింది."

మరి ఇన్నేళ్ల వోల్టేజ్ సంగతేమిటి? ఆలోచన చేసి అట! అమ్మ చాట ముందు నుంచి నా వైపు చూసి, పైట అడ్డం పెట్టుకుని నవ్వింది. నేను అతని టేపు అందుకుని, పాత కొలతే రాయించాను.