తెరేసమ్మ కొట్టిన గీతలు

మా అక్క తెరేసమ్మ పటమటలో రామకోటేశ్వరరావుగారి టైపు ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేసేది. డెబ్బై నాలుగులో ఆయన ఒక తెలుగు టైపు మిషను కొన్నారు. దాని ముందు కూర్చునే ఉద్యోగం కోసం అక్క ఎంత ఆశపడిందో ఇంటిల్లిపాదికీ తెలుసు. ఆడపిల్లకు స్టెన్సిల్ పని చేతకాదని ఎవరో ఆయన చెవిన వేశారు. ఆ పెద్దమనిషి ఎవరో తెలిస్తే నేను ఇప్పటికీ ఊరుకోను.

అప్పుడే మా గుడి ఫాదర్‌గారు ఒక పని పంపారు. పూజ లాటిన్ నుంచి తెలుగులోకి మారి కొన్నేళ్లయినా, ఎక్కడ నోరు విప్పాలో జనానికి ఇంకా తెలిసేది కాదు. ఆయన చదువుతుంటే మధ్యలో అందుకునేవాళ్లు, తమ వంతు వస్తే నీళ్లు నమిలేవాళ్లు. అందుకని, ఈస్టరుకు ముందు వారం అందరూ మట్టలు పట్టుకుని గుడికి వచ్చే మట్టల ఆదివారానికి పూజంతా కాగితాల మీద తీయించి, జనం చెప్పాల్సిన మాటల కింద గీత పెట్టమన్నారు.

"ఇది శుభ్రంగా వస్తే ఆ మిషను నీదేనమ్మా. చెడిందో, గుంటూరు నుంచి మనిషిని పిలిపించుకుంటాను" అన్నారు రామకోటేశ్వరరావుగారు.

అక్క మామూలు కాగితం మీద కొట్టినట్టే కొట్టింది. మాటలు కొట్టి, వెనక్కి జరిపి, కింద పొడుగ్గా గీత. కానీ స్టెన్సిల్ అంటే మైనం పూసిన పల్చటి కాగితం. అక్షరం పడిన చోట తెగితే, ఆ సందులోంచి సిరా దిగి కింద అచ్చవుతుంది. గీత ఆగకుండా సాగేసరికి కాగితం బ్లేడుతో కోసినట్టు తెగి వేలాడింది. ప్రార్థన ఉండాల్సిన చోట నల్లటి మరక పడింది.

ఇంటికి వచ్చి అక్క ఒకటే ఏడుపు. మా అమ్మ శౌరమ్మకు చదువు రాదు, బొంత కుడుతూ అంతా విన్నది.

"బొంతని ఒకటే కోతగా కోసుకుంటూ పోతామా ఏంటే? కుట్టుకీ కుట్టుకీ మధ్యన గుడ్డ వదల్తాం గదా. నువ్వూ వదులు" అంది.

మర్నాడు అక్క కొత్త స్టెన్సిల్ మీద ఒక్కో మాట కిందే గీత కొట్టి, మాటకూ మాటకూ మధ్య వదిలేసింది. కాగితం నిలిచింది.

"ముక్కలు ముక్కలుగా ఉన్నాయేంటమ్మా? సర్లే, గుళ్లో ఏమంటారో చూద్దాం" అన్నారు రామకోటేశ్వరరావుగారు. ఆదివారం స్వయంగా వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డారు.

"గీత ఉన్నంతవరకే చెప్పండి" అన్నారు ఫాదర్‌గారు. మావాళ్లు ఆ మాట తు.చ. తప్పలేదు. "ప్రభువా" అని ఆగారు. గీత ఆగింది మరి! "మా" అని ఆగారు. "ప్రార్థన" అని మళ్లీ ఆగారు. ఫాదర్‌గారు తలెత్తి చూశారు. అక్క ముఖం పాలిపోయింది. అయిపోయింది, ఉద్యోగం గుంటూరుకు పోయిందనుకున్నాను.

కానీ చదువు రానివాళ్లకు, పక్కవాళ్ల నోటి నుంచి మాట అందుకోవడానికి ఆ కాస్త వ్యవధి చాలింది. రెండో ప్రార్థనకల్లా వెనక వరసల్లోని ముసలివాళ్లు కూడా గొంతు కలిపారు. ఎప్పుడూ పెదవి కదపని మా అమ్మ గొంతు అందరికంటే పైన వినిపించింది.

పూజ అయ్యాక ఫాదర్‌గారు గుమ్మం దాకా వచ్చారు. "గుడంతా ఒక్క గొంతుతో పలకడం ఇవాళే విన్నానండీ. ఆ గీతలు ఇక ముందూ అలాగే కొట్టించండి."

రామకోటేశ్వరరావుగారు అక్క వైపు తిరిగారు. "రేపు కాస్త ముందే రా అమ్మా. నీ మిషను కవరు నువ్వే తీద్దువుగాని."

నా ఛాతీ ఎంత పొంగిందో చెప్పలేను. అక్కకు మాత్రం ఆయన మాట సగమే వినబడింది. అమ్మ మట్ట చేత్తో పట్టుకుని, తనకు వచ్చిన మొదటి ప్రార్థనను ఒక్కో మాటే చెప్పుకుంటూ మెట్లు దిగుతోంది. అక్క ఆమెనే చూస్తూ నిలబడిపోయింది.